తాబేలు స్నానశాలలో ‘అండీ’లు చెల్లవు

జనవరి నెలలో, ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చున్న నా కాళ్ళ మీద తొకికో బేసినెడు చన్నీళ్ళు కుమ్మరించింది. నేను చేసిన నేరమల్లా, పక్కనున్న పళ్ళ డాక్టరు గారి భార్యతో ‘ఈ వేళ నీళ్ళు హాయిగా ఉన్నాయి కదండీ’ అనడం.

“ఏమే ఫుమీ, నా నీళ్ళలో కూర్చుని అండీ గిండీ ఏంటే? బట్టలు విప్పావుగా, అది కూడా విప్పి బుట్టలో పడెయ్!” అంది.

పళ్ళ డాక్టరు భార్య బిత్తరపోయింది. కానీ వారం తిరక్కుండా ఆవిడే ‘ఏయ్ ఫుమీ, కాస్త వీపు రుద్దవే’ అనడం మొదలుపెట్టింది. తొకికో అంటే అదీ. ఆవిడ మీద నాకు కోపం రాని రోజు లేదు, ఆవిడ మొహం చూడకుండా గడిచిన రోజూ లేదు.

మా హిగాషి ఒసాకాలో సందుకో నట్లూ బోల్టుల కార్ఖానా ఉంటుంది. నూనె మరకలు వదిలించుకోవాలంటే ఇంట్లో స్నానం చాలదు. మధ్యాహ్నం మూడింటికి, తెరిచామన్న గుర్తుగా ఊరుమ్మడి స్నానశాల గుమ్మానికి తెర కట్టగానే బకెట్లూ సబ్బులూ పట్టుకుని చేరిపోతాం. దానికి అసలు పేరు వేరే ఉంది కానీ, తెర మీద తాబేలు బొమ్మ ఉంది కాబట్టి అందరికీ అది తాబేలే. నాది సరిగ్గా ఎదురుగా బట్టలుతికే దుకాణం. తాబేలు తువ్వాళ్ళు ఉతికి రోజూ పొద్దున్నే ఇచ్చి రావడం నా పని. ఆ వంకన ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా ఏం జరిగిందీ నాకు తెలుసు.

తొకికో వకయామా కమలాతోటల్లోంచి ఇరవై మూడేళ్ళప్పుడు ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. ఇప్పుడు డెబ్భై మూడు. మొగుడు పోయి పంతొమ్మిదేళ్ళు. కూలగొట్టిన ఇళ్ళ దూలాలు లారీలో తెప్పించి, మేకులు పీకి, బాయిలర్లో వేసేది. అలా ఒక మేకు దిగిన మచ్చ ఎడమ అరచేతిలో ఇంకా ఉంది. నీళ్ళ వేడి చూడ్డానికి గోడకి థర్మామీటరు ఉన్నా, ఆవిడ మోచెయ్యి ముంచి చూస్తే గానీ తెర కట్టనివ్వదు. ఇప్పుడు బాయిలరు పని కొడుకు కోహెయ్ చూస్తున్నాడు. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. నేల మీద మోకాళ్ళూని కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మోకాళ్ళు అరిగాయి కానీ నోరు మాత్రం అరగలేదు.

చన్నీళ్ళ శిక్ష ఎనిమిదేళ్ళ క్రితం మొదలైంది. కార్ఖానాల్లో పనికి వియత్నాం నుంచి అమ్మాయిలు రావడం అప్పుడే. ఐదుగురు ఒక మూల కూర్చునేవాళ్ళు. బేసిను అందించినా వంగి దణ్ణం, దారి ఇచ్చినా వంగి దణ్ణం. ‘చాలా కృతజ్ఞతలండి’, ‘మన్నించండి’. పాపం, పుస్తకంలో నేర్చుకొచ్చింది అదే. మా ముసలమ్మలం కూడా బదులుగా వంగి ‘అయ్యో, పర్లేదండి’ అనేవాళ్ళం. మర్యాదకి మర్యాద తిరిగొచ్చేది, అంతటితో మాటలు అయిపోయేవి. తొకికో మూడు రోజులు చూసింది. నాలుగో రోజు గోడ మీద ఒక కాగితం అతికించింది. ‘ఈ నీళ్ళలో చిన్నా పెద్దా లేదు. అండీ అన్నవాళ్ళ కాళ్ళ మీద చన్నీళ్ళు పడును.’

“పిల్లలు వాళ్ళ దేశం వదిలి ఇక్కడికొచ్చింది నాతో వంగి వంగి నడుం విరగ్గొట్టుకోడానికా? అండీ అంటూ ఉన్నంతసేపూ వాళ్ళు వాకిట్లోనే నిలబడి ఉన్నట్టే. లోపలికి రమ్మనాలిగా!” అంది.

ఈ మాట ఇంత తేలిగ్గా చెప్పగలిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. మేమంతా చదువుకున్నవాళ్ళమే, ఒక్కరికీ తట్టలేదు.

అయితే ఒక్కళ్ళు మాత్రం ఆ నీళ్ళలోకి దిగలేదు. ఆవిడ కోడలు చిహారు.

చిహారుది మత్సుఎ. అక్కడివాళ్ళు నెమ్మదస్తులని పేరు. పన్నెండేళ్ళుగా గల్లా దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి ‘దయచేయండి’, వెళ్ళేవాళ్ళకి ‘జాగ్రత్తగా వెళ్ళిరండి’ అంటుంది. అందరూ వెళ్ళాక ఒంటరిగా స్నానం చేస్తుంది. పొద్దున్నే టైల్స్ తోముతుంది. అత్తతో ఆ పిల్ల మాట ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ‘అత్తయ్యగారూ, భోజనం సిద్ధంగా ఉందండి.’ ‘అత్తయ్యగారూ, మందు వేసుకున్నారా అండి?’ తిట్టదు, విసుక్కోదు, వేళాకోళం ఆడదు. బయటివాళ్ళు చూసి ‘ఎంత అదృష్టమో, బంగారంలాంటి కోడలు’ అనేవారు. తొకికో ఆ మాటకి నవ్వేది కాదు.

ఒకసారి నాతో చెప్పింది. “ఫుమీ, నాకు బంగారం వద్దే. ఊళ్ళో ప్రతి ఆడదీ నన్ను ఏమే, ఒసే అంటుంది. వియత్నాం పిల్లలు ఛీ పో అంటారు. ఇంట్లో ఉన్న పిల్ల మాత్రం నన్ను చుట్టం చూపుకొచ్చినదాన్ని చూసినట్టు చూస్తుంది. నేను పోయేలోగా దాని నోట ఒక్క ముక్క, అండీ లేకుండా వినాలని ఉందే.”

“అది వాళ్ళ ఊరి పద్ధతిలే” అన్నాను.

“పన్నెండేళ్ళయినా ఊరు వదలదా?”

దానికి జవాబు నా దగ్గరే ఉందని అప్పటికి నాకే తెలీదు.

లియెన్ వచ్చింది మూడేళ్ళ క్రితం. ఇరవై మూడేళ్ళ పిల్ల, స్ప్రింగుల కార్ఖానాలో పని. జపనీస్ భాష పరీక్ష కూడా పాసై వచ్చింది. ఆ పిల్ల మాట్లాడుతుంటే రైలు స్టేషన్లో ప్రకటన విన్నట్టుండేది. మొదటి రోజే ఎనిమిది బేసిన్ల చన్నీళ్ళు తిన్నది. తొమ్మిదోది పడబోతుంటే, “వద్దండి, చాలండి!” అని అరిచి ఇంకో రెండు వేయించుకుంది.

తొకికో ఆ పిల్లని శిష్యురాలిగా చేసుకుంది. తొట్టి గట్టు మీద కూర్చోబెట్టి రోజూ పాఠం చెప్పేది.

“ముందు మాటకి తోక కొయ్యి. బాగుందండి కాదు, బాగుంది. అంతే. ఇంకా దగ్గరైతే అది కూడా వద్దు, అబ్బ అను చాలు.”

“అబ్బ.”

“అదీ! ఇప్పుడు సణగడం నేర్చుకో. మనుషులు పొగడ్తలతో స్నేహితులు కారే పిచ్చిమొహమా, కలిసి సణుక్కుంటే అవుతారు. చలి అని సణుగు, మేస్త్రీ మీద సణుగు, క్యాబేజీ ధర మీద సణుగు. నీకేం బాగోలేదో చెప్పు చూద్దాం.”

లియెన్ చాలాసేపు ఆలోచించి, “పిన్నీ, నీ పాఠం బాగోలేదు” అంది.

తొట్టెలో ఉన్న పదిమందిమీ నీళ్ళు చరుస్తూ నవ్వాం. తొకికో కళ్ళు మెరిశాయి. గల్లా దగ్గరి డబ్బాలోంచి పంచదార బిళ్ళ తెచ్చి ఆ పిల్ల నోట్లో పెట్టింది.

ఏడాదికల్లా లియెన్ మాటల పుట్ట అయింది. కానీ ఒకనాడు మొహం వేలాడేసుకుని వచ్చింది. కార్ఖానాలో భోజనాల దగ్గర తన ఈడు అమ్మాయిల పక్కన కూర్చుని, కాస్త కలిసిపోదామని నోరు విప్పిందట. “అమ్మో అమ్మో, నా నడుం పట్టేసిందే తల్లీ, వర్షం వచ్చేట్టుంది” అందట. వాళ్ళు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వి, “అచ్చం మా నాయనమ్మలా మాట్లాడుతున్నావే” అన్నారట. అప్పట్నుంచి ఆ పిల్లని ‘నాయనమ్మా’ అనే పిలుస్తున్నారు.

ఎక్కడ నేర్చుకుంది మరి! డెబ్భై దాటిన పదిమంది మధ్య నానింది. నేను నవ్వాపుకోలేకపోయాను. తొకికో మాత్రం నవ్వలేదు.

“నాది తప్పు. నాకున్న చద్దిమాటలే దానికి పెట్టాను” అంది.

ఆ శనివారం బాస్కెట్‌బాల్ ఆడి హైస్కూలు ఆడపిల్లలు స్నానానికొస్తే, వాళ్ళ ఎదురుగా వెళ్ళి కూర్చుంది. పాత ప్రకటనల కాగితాలు వెనక్కి తిప్పి కుట్టిన పుస్తకం, చెవిలో పెన్సిలు. “పిల్లలూ, మీరు ఒకరితో ఒకరు ఏమనుకుంటారో అన్నీ చెప్పండి. ఒక్కోళ్ళకీ ఒక పాల సీసా” అంది. డెబ్భై ఏళ్ళ మనిషి కళ్ళజోడు మీద ఆవిరి తుడుచుకుంటూ, పదహారేళ్ళ పిల్ల చెప్పిన మాట మూడుసార్లు పలికి, సరిగ్గా వచ్చిందా అని అడిగి రాసుకోవడం చూశాను. మంచికీ చెడుకీ దేనికైనా ‘యబై’ అంటే సరిపోతుందని వాళ్ళు చెబితే, “అంతేనా? ఇన్నాళ్ళూ ఇన్ని మాటలు దండగ చేశానే!” అంది.

మూడు నెలలు అలా నేర్చుకుంది. ఒక్కోసారి గర్వంగా ఒక మాట వదిలితే పిల్లలు పెదవి విరిచేవాళ్ళు. “బామ్మా, అది పోయినేడాది మాట. ఇప్పుడెవరూ అనరు.”

“పచ్చిచేప కన్నా ముందు పాడైపోతున్నాయేంటే మీ మాటలు!” అని గొణుక్కుంటూ ఆ మాట కొట్టేసేది. మిగిలినవి లియెన్‌కి అప్పజెప్పేది. ఆ ఏడాది చివర్లో ఒక సెలవురోజు లియెన్ ముగ్గురు కార్ఖానా అమ్మాయిల్ని వెంటేసుకుని తాబేలుకి వచ్చింది. నలుగురూ తలుపు దగ్గర్నుంచే కీచుకీచుమని ఏవో అనుకుంటూ నవ్వుతున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తొకికో తొట్టి గట్టు మీద కూర్చుని, ఒక్కో మాటకీ తల ఊపుతూ, “అది నేనిచ్చిందే. అదీ నేనిచ్చిందే” అని నా చెవిలో చెప్పింది. అప్పుడు ఆవిడ మొహం చూడాలి.

మొన్న జూన్‌లో ముసురు పట్టిన రోజు. జనం పల్చగా ఉన్నారు. నేను బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని కాఫీ పాలు తాగుతున్నాను. లియెన్ తల ఆరబెట్టుకుంటోంది. గల్లా వెనక చిహారు తువ్వాళ్ళు మడతపెడుతుంటే ఫోను మోగింది. మత్సుఎ నుంచి వాళ్ళ అక్క.

“ఛీ పోవే! నువ్వసలు మారవు. ఏంటీ? మళ్ళీనా? ఏడ్చినట్టుంది నీ తెలివి!” అని పకపకా నవ్వింది చిహారు.

నా చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఆ పిల్లకి గొంతు అంత ఉందని పన్నెండేళ్ళలో నాకు తెలీదు.

ఫోను పెట్టగానే లియెన్ గల్లా మీద మోచేతులానించింది. మేమైతే విననట్టు ఊరుకునేవాళ్ళం. లియెన్‌కి తొకికో నేర్పింది అది కాదు కదా.

“చిహారూ, నీకు ఇలా మాట్లాడ్డం వచ్చా? మరి పిన్నితో ఎందుకు మాట్లాడవ్?”

చిహారు తువ్వాలు అంచు సరిచేసింది. మళ్ళీ సరిచేసింది. “వద్దన్నారు కదా” అంది నెమ్మదిగా.

“ఎవరు?”

“అత్తయ్యగారే. నేను వచ్చిన రెండో రోజు. ఇక్కడే, ఈ గదిలోనే అందరూ ఉన్నారు. ‘నీళ్ళు వేడిగా ఉన్నాయా’ అని అడిగారు. నేను ఊఁ అన్నాను. మా ఇంట్లో మా అమ్మతో అలాగే అనేదాన్ని. ‘ఊఁ ఏంటే, నేనేమైనా నీ బళ్ళో నేస్తాన్నా?’ అన్నారు. అందరూ నవ్వారు. నాకు బుద్ధొచ్చింది. కోపం లేదు లియెన్, నిజంగా లేదు. కానీ ఇంకోసారి అలా నవ్వుల పాలు కావడం నా వల్ల కాదు.”

నాకు చటుక్కున గుర్తొచ్చింది. ఆ రోజు అందరికన్నా గట్టిగా నవ్వింది నేను.

మా ఒసాకాలో అది తిట్టు కాదు. మాట విసరడమంటే మాకు చెయ్యి చాపడమే. ఎదుటివాళ్ళు తిరిగి విసరాలి. ‘నీ వయసుకి నేస్తాలెవరూ మిగిల్లేదేమోనని జాలిపడి అన్నాలే’ అని ఆ పిల్ల అనుంటే, అక్కడున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టి ఆ క్షణమే మాలో కలిపేసుకునేవాళ్ళం. తొకికో దానికోసమే మాట విసిరింది. ఆ పిల్ల తిరిగి విసరలేదు, తల వంచి ‘క్షమించండి’ అంది. సిగ్గుపడిందనుకున్నాం. ఇదీ సంగతని దానికి చెప్పినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. చేప నీళ్ళ గురించి చెబుతుందా ఏమిటి!

లియెన్ జుట్టు తడి అయినా ఆరకుండానే మళ్ళీ బట్టలు విప్పి లోపలికి పోయింది. నేను వెనకే పరుగెత్తాను. తొకికో ఒక్కతే పెద్ద తొట్టెలో ఉంది.

“పిన్నీ, తప్పు నీదే” అంది లియెన్.

ఇంకెవరైనా అయితే, ‘ఏమీ అనుకోకపోతే ఒక చిన్న విషయం’ అంటూ అరగంట నానబెట్టేవాళ్ళం, అసలు సంగతి చివరికి చెప్పేవాళ్ళమే కాదు. లియెన్ నాలుగు ముక్కల్లో చెప్పేసింది.

తొకికో నా వైపు చూసింది. “ఫుమీ, నేనన్నానా ఆ మాట?”

“అన్నావే. నేను నవ్వాను కూడా.”

“నాకు గుర్తే లేదే” అంది. అది నిజం. రోజుకి వంద మాటలు విసిరే మనిషి, ఒకటి ఎవరికి ఎక్కడ తగిలిందో ఎలా గుర్తుంటుంది? ఆవిడ గడ్డం దాకా నీళ్ళలోకి జారింది. “ఊరంతటికీ నోరు ఇచ్చానని విర్రవీగాను. ఇంట్లో పిల్ల నోరు నేనే కుట్టేశానే.” మొహం మీద ఉన్నవి ఏ నీళ్ళో నేను చూడదల్చుకోలేదు.

మర్నాడు పొద్దున్న తువ్వాళ్ళ మూట భుజాన వేసుకుని వెళ్ళాను. చిహారు ఆడవాళ్ళ వైపు టైల్స్ తోముతోంది. బోర్లించిన పసుప్పచ్చ బేసిన్ల మధ్య తొకికో నిలబడి ఉంది. బట్టలతోనే ఉంది, నీలం రంగు మంచి చొక్కా వేసుకుంది. నేను గడప దగ్గరే ఆగిపోయాను.

ఆవిడ గోడ పట్టుకుని, ఒక్కో కాలూ మడిచి, తడి టైల్స్ మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. డాక్టరు వద్దన్న మోకాళ్ళు. రెండు చేతులూ నేలకి ఆనించి, నుదురు తగిలేలా వంగింది.

“చిహారుగారూ, పన్నెండేళ్ళ క్రితం నా నోటి దురుసు వల్ల మీ మనసుకి చాలా కష్టం కలిగించానండి. అది తెలుసుకోకపోవడం ఇంకా పెద్ద తప్పండి. దయచేసి నన్ను మన్నించండి.”

నలభై ఏళ్ళలో తొకికో నోట నేను అలాంటి మాటలు వినలేదు. ఆవిడ అత్తగారు బతికుండగా కూడా ఇంత నిండుగా మాట్లాడలేదు. ఒక్క అక్షరం ఎక్కడా తడబడలేదు. ఇంత బాగా వచ్చిన భాషని, ఎవరూ వాకిట్లో నిలబడిపోకూడదని, ఈ మనిషి ఇన్నేళ్ళు మూటగట్టి అటక మీద పడేసిందా అనిపించింది.

చిహారు చేతిలో బ్రష్షు అలాగే ఉంది. పైన పంపు చుక్క చుక్కగా కారుతోంది. తరవాత బ్రష్షు గోడకి ఆనించి, వెళ్ళి ఒక పసుప్పచ్చ బేసిను తీసుకుంది. చన్నీళ్ళ పంపు తిప్పింది. నిండేదాకా ఆగింది. అత్తగారి వెనక్కి వచ్చి నిలబడి, మడిచి ఉన్న ఆ రెండు పాదాల మీదా బేసినెడు నీళ్ళూ కుమ్మరించింది.

“అమ్మ బాబోయ్!” అని ఎగిరిపడింది తొకికో. “చల్లగా ఉన్నాయే నీళ్ళు!”

“ఊఁ” అంది చిహారు.

తొకికో తల తిప్పి కోడల్ని చూసింది. తిరిగి ఏ మాటా విసరలేదు. చెయ్యి చాపింది. చిహారు ఆ చెయ్యి పట్టుకుని లేపి, “లే అత్తా, మోకాళ్ళు పోతాయి” అంది.

ఈసారి నేను నవ్వలేదు. తువ్వాళ్ళ మూట కింద పెట్టి, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. ఇంకో బేసిను తీసుకుని, చన్నీళ్ళు నిండా పట్టి, నా కాళ్ళ మీద నేనే పోసుకున్నాను.